పోస్ట్‌గ్రెస్ ప్లానర్ సెట్టింగులు: దేని తరువాత ఏది మార్చాలి

"ఇండెక్స్ ఉంది, ర్యామ్ చాలినంత ఉంది, అయినా క్వెరీ టేబుల్ మొత్తాన్నీ చదువుతోంది. ఏ సెట్టింగ్ మార్చాలి?" పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో పనిచేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఒక సెట్టింగ్ పేరు చెప్పేసి ఊరుకోవడం తేలికే. కానీ ఆ మార్పు ఆ ఒక్క క్వెరీని బాగుచేసి, అంతవరకూ సవ్యంగా నడుస్తున్న మరికొన్నింటిని పాడుచేయవచ్చు.

క్వెరీని ఏ దారిలో నడపాలో (ఆ దారే ప్లాన్) నిర్ణయించే భాగం ప్లానర్. అది ప్రధానంగా రెండు లెక్కలు వేస్తుంది. ప్రతి దశలో ఎన్ని వరుసలు వస్తాయన్నది మొదటి లెక్క. వాటిని తేవడానికి ఎంత ఖర్చవుతుందన్నది రెండో లెక్క. మొదటిది టేబుల్‌లోని డేటా గురించి సేకరించిన గణాంకాల మీద ఆధారపడుతుంది, రెండోది సెట్టింగుల మీద. మొదటి లెక్క తప్పినప్పుడు రెండోదాన్ని ఎంత సవరించినా ఫలితం నిలవదు. అందుకే ముందు గణాంకాలు, తరువాత మెమరీ, ఆ తరువాతే ఖర్చుల సెట్టింగులు. ఈ క్రమాన్ని తలకిందులు చేయవద్దు.

ఇక్కడ చెప్పేవి పోస్ట్‌గ్రెస్ 13, ఆపై వెర్షన్లకు వర్తిస్తాయి. సెట్టింగుల పేర్లను, కమాండ్లను తెలుగు లిపిలో ఇస్తున్నాను. టైపు చేసేటప్పుడు అవే మాటలను ఆంగ్ల అక్షరాల్లో, అండర్‌స్కోర్లు ఉన్నచోట ఉన్నట్టే రాయండి.

1. చేయి పెట్టే ముందు

ఏ క్వెరీని బాగుచేయాలో ముందు తేల్చుకోవాలి. పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ ఇందుకే ఉంది. దాన్ని షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో చేర్చి, సర్వర్‌ను రీస్టార్ట్ చేసి, డేటాబేస్‌లో క్రియేట్ ఎక్స్‌టెన్షన్ ఇవ్వాలి. కొన్ని రోజులు నడవనిచ్చాక టోటల్_ఎగ్జెక్_టైమ్ (క్వెరీ నడిచిన మొత్తం సమయం) ప్రకారం పెద్ద నుంచి చిన్నకు వరుస పెట్టి చూడండి. ఒక్కసారికి 8 సెకన్లు పట్టే నెలవారీ నివేదిక కంటే, 40 మిల్లీసెకన్లే పట్టినా రోజుకు లక్షలసార్లు నడిచే క్వెరీ సర్వర్‌ను ఎక్కువగా నలిపేస్తూ ఉండవచ్చు.

రెండో అవసరం, పరీక్షించడానికి అసలు డేటాకు దగ్గరగా ఉన్న కాపీ. వెయ్యి వరుసల టెస్ట్ టేబుల్ మీద ప్లాన్ చూసి నిర్ణయం తీసుకోకండి. టేబుల్ కొద్ది పేజీల్లోనే (డిస్క్ మీది డేటా ముక్కల్లోనే) ఇమిడిపోతే, ఇండెక్స్ ఎంత చక్కగా ఉన్నా ప్లానర్ మొత్తం చదవడానికే మొగ్గు చూపుతుంది. అక్కడ అది సరైన నిర్ణయం కూడా.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- పోస్ట్‌గ్రెస్ వెర్షన్ రాసిపెట్టుకున్నారా?
- పీజీ_సెట్టింగ్స్ వ్యూలో సోర్స్ 'డిఫాల్ట్' కాని వాటన్నిటినీ ఒక ఫైల్‌లో దాచారా? ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో తెలియని విలువలు చాలాసార్లు అక్కడే బయటపడతాయి.
- ట్రాక్_ఐఓ_టైమింగ్ ఆన్ చేశారా? డిస్క్ కోసం ఎంతసేపు ఆగవలసి వచ్చిందో ప్లాన్‌లో కనిపించేది దీనితోనే.
- నెమ్మది క్వెరీల ప్లాన్లు లాగ్‌లో పడేలా ఆటో_ఎక్స్‌ప్లెయిన్ పెట్టారా? లాగ్_మిన్_డ్యూరేషన్ విలువ మరీ తక్కువగా ఉంటే లాగ్ ఉప్పొంగిపోతుంది. 1 సెకనుతో మొదలుపెట్టండి.
- సరిదిద్దబోయే క్వెరీకి, దానితోపాటు ఎక్కువగా నడిచే మరో పది, పదిహేను క్వెరీలకు ఇప్పటి సమయాలు నమోదు చేశారా?

చివరిది చాలామంది వదిలేస్తారు. ఒక మార్పు మేలు చేసిందో కీడు చేసిందో చెప్పగలిగేది ఆ పట్టిక ఒక్కటే.

2. ప్లాన్‌ను చదవడం

క్వెరీకి ముందు "ఎక్స్‌ప్లెయిన్ (ఎనలైజ్, బఫర్స్)" చేర్చి నడపండి. వెర్షన్ 18 నుంచి ఎనలైజ్ ఇస్తే బఫర్స్ సమాచారం దానంతట అదే వస్తుంది, అంతకుముందు వెర్షన్లలో అడగాలి. ఎనలైజ్ క్వెరీని నిజంగానే నడుపుతుందని గుర్తుంచుకోండి. అప్‌డేట్, డిలీట్ క్వెరీలైతే ముందు బిగిన్, చివర రోల్‌బ్యాక్ తప్పనిసరి.

ఒకే క్వెరీని రెండు మూడుసార్లు నడపండి. మొదటిసారి డేటా డిస్క్ నుంచి రావచ్చు, తరువాత మెమరీ నుంచి వస్తుంది. బఫర్స్ వరుసలో "హిట్" అంటే పోస్ట్‌గ్రెస్ సొంత బఫర్లలో దొరికిన పేజీలు, "రీడ్" అంటే బయటి నుంచి తెచ్చినవి. చల్లగా ఉన్న క్యాష్‌తో ఒక ప్లాన్‌ను, వేడెక్కిన క్యాష్‌తో మరో ప్లాన్‌ను పోల్చి తీర్పు చెప్పకూడదు.

ఇక చదివే పద్ధతి. ప్లాన్‌లో లోపలి దశలు ముందు, పై దశలు తరువాత. కాబట్టి లోపలి నుంచి పైకి రండి. ప్రతి దశలో రెండు "రోస్" అంకెలుంటాయి, ఒకటి అంచనా, రెండోది నిజంగా వచ్చినది. ఈ రెండింటికీ పొంతన మొదటగా ఎక్కడ తప్పిందో కనిపెట్టడమే అసలు పని. పైన కనిపించే పెద్ద తేడాలు చాలావరకు ఆ తొలి తప్పు నుంచి పుట్టినవే.

- "లూప్స్" 1 కంటే ఎక్కువ ఉంటే, చూపిన నిజమైన వరుసల సంఖ్య ఒక్కో లూప్‌కు సగటు. మొత్తం కావాలంటే లూప్స్‌తో గుణించండి.
- పైన లిమిట్ ఉంటే, లోపలి దశలు మధ్యలోనే ఆగిపోతాయి. అక్కడ తక్కువ వరుసలు రావడం అంచనా తప్పినట్టు కాదు.
- "రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్" లక్షల్లో ఉండి, మిగిలినవి పదుల్లో ఉంటే సరైన ఇండెక్స్ లేదని అర్థం. సెట్టింగులు దాన్ని తీర్చలేవు.
- అంచనాకు, నిజానికి రెండు మూడు రెట్ల తేడా మామూలే. పది రెట్లు దాటితే ఆగి చూడాలి. వంద రెట్లయితే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దాని సంగతే చూడాలి.

3. గణాంకాలను సరిచేయడం

ఎక్కువ పని ఇక్కడే ఉంటుంది, ఎక్కువ ఫలితమూ ఇక్కడే. ప్లానర్ తప్పు చేసిందని మనం అనుకునే సందర్భాలలో చాలావాటికి అసలు కారణం దానికి పాత సమాచారమో, అరకొర సమాచారమో అందడం.

మొదట, ఎనలైజ్ (ఇది గణాంకాలు సేకరించే విడి కమాండ్, ఎక్స్‌ప్లెయిన్‌లోని ఎనలైజ్ కాదు) చివరిసారి ఎప్పుడు నడిచిందో పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్‌లో చూడండి. లాస్ట్_ఎనలైజ్, లాస్ట్_ఆటోఎనలైజ్ కాలమ్‌లు ఆ సంగతి చెబుతాయి. ఆటోవాక్యూమ్ (టేబుళ్లను నేపథ్యంలో శుభ్రం చేసే ప్రక్రియ) దానంతట అదే ఎనలైజ్ చేస్తుంది నిజమే, కానీ డిఫాల్ట్‌గా టేబుల్‌లో పది శాతం, దానికి తోడు 50 వరుసలు మారాకే చేస్తుంది. పది కోట్ల వరుసల టేబుల్‌కు అది కోటి మార్పులు. అంతవరకు ప్లానర్ పాత చిత్రాన్నే చూస్తూ ఉంటుంది.

తేదీ కాలమ్‌లున్న టేబుళ్లలో ఈ ఇబ్బంది బాగా తెలుస్తుంది. గణాంకాలు పోయిన వారానివైతే, ఈరోజు తేదీ వాటిలో ఎక్కడా ఉండదు. ఈరోజు ఆర్డర్లు అడిగితే అంచనా చాలా తక్కువకు, ఒక్కోసారి ఒక్క వరుసకే పడిపోతుంది. ఆ ఒక్క వరుసను నమ్మి ప్లానర్ నెస్టెడ్ లూప్ (ఒక టేబుల్‌లోని ప్రతి వరుసకూ రెండో టేబుల్‌లో వెతికి కలిపే పద్ధతి) ఎంచుకుంటుంది. ఇరవై మందికని సిద్ధం చేసిన వంటింటికి రెండు వేల మంది భోజనానికి వచ్చినట్టు అవుతుంది అప్పుడు.

పెద్ద టేబుళ్లకు విడిగా ఆటోవాక్యూమ్_ఎనలైజ్_స్కేల్_ఫ్యాక్టర్ తగ్గించండి. "ఆల్టర్ టేబుల్ ఆర్డర్లు సెట్ (ఆటోవాక్యూమ్_ఎనలైజ్_స్కేల్_ఫ్యాక్టర్ = 0.01)" అంటే ఒక్క శాతం మార్పుకే ఎనలైజ్ నడుస్తుంది. సర్వర్ మొత్తానికి మార్చనక్కరలేదు.

ఆటోవాక్యూమ్ చేయని పనులు కొన్ని ఉన్నాయి, వాటిని మీరే చేయాలి:

- తాత్కాలిక టేబుళ్లను అది తాకదు. తాత్కాలిక టేబుల్ నింపిన వెంటనే, జాయిన్‌కు ముందు, ఎనలైజ్ ఇవ్వండి.
- పార్టిషన్లు చేసిన టేబుల్‌లో ఒక్కో పార్టిషన్‌కు గణాంకాలు తీస్తుంది కానీ తల్లి టేబుల్‌కు తీయదు. అప్పుడప్పుడు తల్లి టేబుల్ మీద ఎనలైజ్ నడిచేలా ఏర్పాటు చేసుకోండి.
- పీజీ_అప్‌గ్రేడ్‌తో వెర్షన్ మారినప్పుడు, 17 వరకు గణాంకాలు కొత్త సర్వర్‌కు రావు. 18కి మారేటప్పుడు వస్తాయి, కానీ కింద చెప్పబోయే విస్తృత గణాంకాలు రావు. అప్‌గ్రేడ్ అయ్యాక "అంతా నెమ్మదించింది" అన్న ఫిర్యాదు వస్తే మొదట చూడవలసింది ఇదే.
- పెద్ద ఎత్తున డేటా ఎక్కించిన స్క్రిప్టు చివర ఎనలైజ్ ఒక వరుసగా ఉండాలి. ఆటోవాక్యూమ్ వచ్చేదాకా ఆగవద్దు.

తరువాత, నమూనా పరిమాణం. డిఫాల్ట్_స్టాటిస్టిక్స్_టార్గెట్ విలువ 100. ఎనలైజ్ దానికి 300 రెట్లు, అంటే 30,000 వరుసల నమూనా తీసుకుంటుంది. ఎక్కువగా వచ్చే విలువల జాబితాలో 100 వరకు ఉంచుతుంది. వేల కొద్దీ కస్టమర్లుండి, అందులో కొన్ని వందల మందికే ఎక్కువ వ్యాపారం ఉన్న టేబుల్‌కు ఆ జాబితా చాలదు. అలాంటి కాలమ్‌కు మాత్రం "ఆల్టర్ టేబుల్ … ఆల్టర్ కాలమ్ … సెట్ స్టాటిస్టిక్స్ 500" ఇచ్చి మళ్లీ ఎనలైజ్ నడపండి. గరిష్ఠంగా 10,000 వరకు అనుమతి ఉంది, కానీ పెంచిన కొద్దీ ఎనలైజ్‌కూ, ప్రతి క్వెరీ ప్లానింగ్‌కూ సమయం పెరుగుతుంది. అందుకే అన్ని కాలమ్‌లకూ ఒకేసారి పెంచడాన్ని నేను సిఫారసు చేయను.

ఇక ఎక్కువమంది వాడనిది, వాడితే ఎంతో మేలు చేసేది విస్తృత గణాంకాలు. రెండు కాలమ్‌ల మధ్య సంబంధం ఉంటే ప్లానర్‌కు దానంతట అది తెలియదు. రెండు షరతులూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివన్నట్టు వాటి శాతాలను గుణించేస్తుంది.

తెలంగాణ చిరునామాలున్న కోటి వరుసల టేబుల్ ఒకటి ఊహించండి. సిద్దిపేట జిల్లావి మూడు శాతం, గజ్వేల్ మండలానివి 0.2 శాతం అనుకుందాం. "జిల్లా = 'సిద్దిపేట' మరియు మండలం = 'గజ్వేల్'" అని అడిగితే ప్లానర్ 0.03ను 0.002తో గుణించి, 600 వరుసలు వస్తాయని అంచనా వేస్తుంది. గజ్వేల్ సిద్దిపేటలోనే ఉంది కాబట్టి నిజంగా వచ్చేవి 20,000. ముప్పై మూడు రెట్లు తక్కువ. దీని మీద ఇంకో మూడు జాయిన్లు ఉంటే తప్పు ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు.

పరిష్కారం: "క్రియేట్ స్టాటిస్టిక్స్ చిరునామా_బంధం (డిపెండెన్సీస్, ఎన్‌డిస్టింక్ట్, ఎంసీవీ) ఆన్ జిల్లా, మండలం ఫ్రమ్ చిరునామాలు", ఆ తరువాత ఎనలైజ్. రెండోది మరిచిపోతే మొదటిది ఉత్త పేరుగానే మిగిలిపోతుంది. రాష్ట్రం–జిల్లా–పిన్‌కోడ్, కారు కంపెనీ–మోడల్, కోర్సు–విభాగం లాంటి జంటలన్నిటికీ ఇది వర్తిస్తుంది. అయితే ఇది ఒకే టేబుల్‌లోని కాలమ్‌లకే. వేర్వేరు టేబుళ్లలోని కాలమ్‌ల మధ్య బంధాన్ని పోస్ట్‌గ్రెస్‌కు ఇలా చెప్పలేము.

షరతులో ఫంక్షన్ ఉంటే మరో చిక్కు. లోయర్(ఈమెయిల్) లాంటి వ్యక్తీకరణకు గణాంకాలు లేకపోతే సమానత్వ షరతుకు ప్లానర్ 0.5 శాతం వరుసలు వస్తాయని గుడ్డిగా అనుకుంటుంది. ఆ వ్యక్తీకరణ మీద ఇండెక్స్ ఉంటే ఎనలైజ్ దానికీ గణాంకాలు తీస్తుంది. ఇండెక్స్ అక్కరలేకపోతే, వెర్షన్ 14 నుంచి వ్యక్తీకరణ మీదే క్రియేట్ స్టాటిస్టిక్స్ ఇవ్వవచ్చు.

చాలా పెద్ద టేబుళ్లలో వేర్వేరు విలువల సంఖ్యను నమూనా నుంచి సరిగ్గా పట్టడం కష్టం, సాధారణంగా తక్కువగా తేలుతుంది. పీజీ_స్టాట్స్‌లో ఎన్_డిస్టింక్ట్ చూసి, నిజమైన లెక్కతో పోల్చండి. బాగా తేడా ఉంటే "ఆల్టర్ కాలమ్ … సెట్ (ఎన్_డిస్టింక్ట్ = -0.2)" అని మీరే చెప్పవచ్చు. రుణ సంఖ్య అంటే మొత్తం వరుసలలో ఆ నిష్పత్తి. టేబుల్ పెరిగినా నిష్పత్తి నిలుస్తుంది కాబట్టి చాలా సందర్భాలకు ఇదే మేలు.

4. మెమరీ సంగతి

ఎఫెక్టివ్_క్యాష్_సైజ్ ఏ మెమరీనీ తీసుకోదు. పోస్ట్‌గ్రెస్ బఫర్లు, ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్ కలిపి ఎంత డేటా మెమరీలో ఉండే అవకాశం ఉందో ప్లానర్‌కు చెప్పే సమాచారం మాత్రమే. డిఫాల్ట్ 4 జీబీ. డేటాబేస్‌కే కేటాయించిన 64 జీబీ సర్వర్‌లో ఇది ప్లానర్‌ను అనవసరంగా భయపెడుతుంది, ఇండెక్స్ స్కాన్‌లను ఖరీదైనవిగా చూపిస్తుంది. మొత్తం ర్యామ్‌లో సగం నుంచి మూడొంతుల వరకు ఇవ్వండి. ఇందులో ప్రమాదం చాలా తక్కువ కాబట్టి మెమరీ సెట్టింగుల్లో మొదట మార్చదగినది ఇదే.

వర్క్_మెమ్ అలా కాదు. డిఫాల్ట్ 4 ఎంబీ. ఇది కనెక్షన్‌కు ఒక్కసారి ఇచ్చేది కాదు. ప్లాన్‌లో ప్రతి సార్ట్‌కు, ప్రతి హ్యాష్‌కు విడివిడిగా, ప్యారలల్ వర్కర్లుంటే (ఒకే క్వెరీ పనిని పంచుకునే ప్రాసెస్‌లు) ఒక్కొక్క వర్కర్‌కు మళ్లీ విడిగా. హ్యాష్ దశలకు హ్యాష్_మెమ్_మల్టిప్లయర్ వల్ల ఇంకా ఎక్కువ దొరుకుతుంది, వెర్షన్ 15 నుంచి దాని డిఫాల్ట్ 2. వర్క్_మెమ్ 64 ఎంబీ చేశారనుకోండి. 100 కనెక్షన్లు, ఒక్కోదానిలో మూడు సార్ట్‌లు ఒకేసారి నడిస్తే 19,200 ఎంబీ, అంటే దాదాపు 19 జీబీ. సర్వర్‌లో 16 జీబీ ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌నే చంపేసే పరిస్థితి వస్తుంది.

వర్క్_మెమ్ చాలడం లేదని ప్లాన్ ఇలా చెబుతుంది:

- సార్ట్ దశలో "ఎక్స్‌టర్నల్ మెర్జ్", పక్కన "డిస్క్" అని పరిమాణం.
- హ్యాష్ దశలో "బ్యాచెస్" 1 కంటే ఎక్కువ.
- బిట్‌మ్యాప్ హీప్ స్కాన్‌లో "లాసీ" పేజీలు.

లాగ్_టెంప్_ఫైల్స్‌కు ఒక విలువ ఇస్తే, అంతకు మించి డిస్క్‌లోకి పొంగిన క్వెరీలు లాగ్‌లో కనిపిస్తాయి. నివేదికలు నడిపే యూజర్‌కు మాత్రం "ఆల్టర్ రోల్ నివేదికలు సెట్ వర్క్_మెమ్ = '256ఎంబీ'" ఇచ్చి, వెబ్ అప్లికేషన్ యూజర్‌కు తక్కువగానే ఉంచండి. అందరికీ ఒకే విలువ అన్న పట్టింపు వదులుకుంటే ఈ సమస్య సగం తీరుతుంది.

5. ఖర్చుల సెట్టింగులు

ప్లాన్‌లో కనిపించే "కాస్ట్" సెకన్లు కాదు. వరుసగా ఒక పేజీ చదవడాన్ని 1గా తీసుకున్న ఊహాత్మక కొలమానం. డిఫాల్ట్‌లు ఇవీ: సీక్_పేజ్_కాస్ట్ 1, రాండమ్_పేజ్_కాస్ట్ 4, సీపీయూ_టపుల్_కాస్ట్ 0.01, సీపీయూ_ఇండెక్స్_టపుల్_కాస్ట్ 0.005, సీపీయూ_ఆపరేటర్_కాస్ట్ 0.0025.

ఒకసారి చేత్తో లెక్క వేస్తే ఇది స్పష్టమవుతుంది. 10,000 పేజీల్లో 10 లక్షల వరుసలున్న టేబుల్‌ను ఒక షరతుతో మొత్తం చదివితే: పేజీలకు 10,000, వరుసలకు 10,000, షరతు పరీక్షకు 2,500, మొత్తం 22,500. ఇండెక్స్ దారికి ఇంతకంటే తక్కువ తేలితేనే ప్లానర్ అటు వెళ్తుంది. ఆ దారి ఖర్చులో పెద్ద వాటా రాండమ్_పేజ్_కాస్ట్‌ది.

ఆ 4 ఎక్కడిదంటే, తిరిగే డిస్క్‌లో ఎక్కడంటే అక్కడ చదవడం వరుసగా చదవడం కంటే 40 రెట్లు నెమ్మది, కానీ అలాంటి పేజీల్లో 90 శాతం క్యాష్‌లోనే దొరుకుతాయి అన్న ఊహ మీద పెట్టిన విలువ. ఎస్‌ఎస్‌డీకి ఆ ఊహ వర్తించదు. ఎస్‌ఎస్‌డీ సర్వర్లలో 1.1 దగ్గర పెట్టడం వాడుకలో ఉంది, అది సబబే. కానీ ఒక్క గెంతులో వెళ్లకండి:

- ఒకే సెషన్‌లో "సెట్ రాండమ్_పేజ్_కాస్ట్ = 2" ఇచ్చి, ముందు నమోదు చేసుకున్న క్వెరీలన్నీ నడిపి చూడండి.
- 1.5తో, 1.1తో అదే చేయండి.
- ఏ విలువ దగ్గర ప్లాన్ మారిందో, మారినప్పుడు సమయం తగ్గిందో పెరిగిందో రాసుకోండి.
- ఏ క్వెరీ అయినా నెమ్మదిస్తే దాని వరుసల అంచనా చూడండి. తప్పు అక్కడే ఉంటే 3వ భాగానికి వెనక్కి వెళ్లండి.

సీక్_పేజ్_కాస్ట్ కంటే తక్కువకు దించవద్దు, దానికి భౌతికంగా అర్థం లేదు. కొంత డేటా పాత డిస్క్ మీద, కొంత ఎస్‌ఎస్‌డీ మీద ఉంటే టేబుల్‌స్పేస్ వారీగా "ఆల్టర్ టేబుల్‌స్పేస్ … సెట్ (రాండమ్_పేజ్_కాస్ట్ = 1.1)" ఇవ్వవచ్చు. క్లౌడ్‌లో నెట్‌వర్క్ ద్వారా వచ్చే డిస్క్‌కు సెకనుకు ఇన్ని రీడ్‌లే అన్న పరిమితి ఉంటుంది. ఆ పరిమితిని తరచూ తాకుతుంటే 1.1 మరీ ఆశావాదం అవుతుంది, 1.5, 2 మధ్య కొలిచి చూడండి.

సీపీయూ పేరుతో మొదలయ్యే మూడింటి జోలికి వెళ్లవద్దు. వాటిని మార్చి లాభపడిన సందర్భాలు అరుదు, మార్చాక ప్లాన్లు ఎందుకు అలా వస్తున్నాయో అర్థం కాని సందర్భాలు ఎక్కువ.

6. ఎనేబుల్ స్విచ్‌లు: రోగ నిర్ధారణకే

ఎనేబుల్_సీక్‌స్కాన్, ఎనేబుల్_నెస్ట్‌లూప్, ఎనేబుల్_హ్యాష్‌జాయిన్ లాంటి వాటిని ఆఫ్ చేస్తే ప్లానర్ ఆ పద్ధతిని వీలైనంత తప్పిస్తుంది. మరో దారి లేకపోతే మాత్రం అదే వాడుతుంది. కాబట్టి సీక్‌స్కాన్ ఆఫ్ చేశాక కూడా ప్లాన్‌లో అదే కనిపిస్తే, వాడదగిన ఇండెక్స్ లేదని ఖాయం.

సరైన వాడకం ఇది. మీ సెషన్‌లో నెస్ట్‌లూప్ ఆఫ్ చేసి, క్వెరీ నడపండి. వేగం పెరిగితే, ప్లానర్ నెస్టెడ్ లూప్‌ను ఎందుకు చవక అనుకుందో పాత ప్లాన్‌లో వెతకండి. దాదాపు ఎప్పుడూ ఏదో ఒక దశలో వరుసలను తక్కువగా అంచనా వేసి ఉంటుంది. ఆ దశను సరిదిద్ది, స్విచ్‌ను మళ్లీ ఆన్ చేయండి.

ప్రొడక్షన్ సర్వర్‌లో ఎనేబుల్_సీక్‌స్కాన్‌ను శాశ్వతంగా ఆఫ్ చేసి ఉంచడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఈరోజు ఒక క్వెరీ నొప్పి తగ్గుతుంది, రేపు ప్రతి నివేదికా ఇండెక్స్ మీదుగా టేబుల్‌లో సగం చదువుతుంది. ఆ తరువాత వచ్చే ఉద్యోగికి కారణం కనిపించదు.

7. ప్యారలల్, జిట్

మ్యాక్స్_ప్యారలల్_వర్కర్స్_పర్_గ్యాదర్ డిఫాల్ట్ 2. నివేదికల సర్వర్‌లో 4కు పెంచవచ్చు. చిన్న చిన్న క్వెరీలు వందల కనెక్షన్లలో నడిచే చోట పెంచితే ప్రాసెసర్లు కొట్టుకుంటాయి. "వర్కర్స్ ప్లాన్డ్" 4 ఉండి "లాంచ్డ్" 1 ఉంటే మొత్తం వర్కర్ల పరిమితి నిండిపోయిందని అర్థం. డిఫాల్ట్‌గా ఆ పరిమితి 8.

జిట్ (క్వెరీలోని లెక్కలను అప్పటికప్పుడు మెషీన్ కోడ్‌గా మార్చే సౌకర్యం) వెర్షన్ 12 నుంచి 18 వరకు డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. అంచనా ఖర్చు 1,00,000 దాటితే పనిలోకి దిగుతుంది. ప్లాన్ చివర "జిట్" భాగంలో టోటల్ సమయం చూడండి. 300 మిల్లీసెకన్ల క్వెరీలో 200 అక్కడే పోతుంటే జిట్_అబవ్_కాస్ట్ బాగా పెంచండి, లేదా వెబ్ యూజర్‌కు ఆఫ్ చేయండి. ఎక్కువ పార్టిషన్లున్న టేబుళ్ల దగ్గర ఇది తరచూ ఎదురవుతుంది.

8. జాయిన్లు పది దాటినప్పుడు

జాయిన్_కొలాప్స్_లిమిట్, ఫ్రమ్_కొలాప్స్_లిమిట్ రెండూ 8. అంతకు మించి టేబుళ్లుంటే ప్లానర్ అన్ని వరుసక్రమాలనూ పరిశీలించదు, క్వెరీలో రాసిన క్రమం ప్రభావం చూపడం మొదలవుతుంది. ఓఆర్‌ఎమ్ (ప్రోగ్రామ్ కోడ్ నుంచి క్వెరీలు రాసిపెట్టే లైబ్రరీ) తయారుచేసే క్వెరీలు సులభంగా ఈ గీత దాటుతాయి. సెషన్‌లో రెండింటినీ 10కి, 11కి పెంచి "ప్లానింగ్ టైమ్" గమనించండి. 12కు చేరితే జెనెటిక్ వెతుకులాట (అన్ని క్రమాలూ చూడకుండా కొన్నింటినే ప్రయత్నించే పద్ధతి) మొదలవుతుంది, ఎందుకంటే జీక్యో_త్రెషోల్డ్ 12. దాని జోలి వద్దనుకుంటే ఆ విలువనూ పెంచాలి, ప్లానింగ్ సమయం ఎగబాకకుండా చూసుకోవాలి.

9. పీఎస్‌క్యూఎల్‌లో వేగం, అప్లికేషన్‌లో నెమ్మది

పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్‌లో) నడిపితే 5 మిల్లీసెకన్లు, అప్లికేషన్ నుంచి 5 సెకన్లు. ఈ ఫిర్యాదుకు తరచూ కారణం ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లు, అంటే ఒకసారి సిద్ధం చేసి విలువలు మార్చి పదేపదే నడిపే క్వెరీలు. మొదటి ఐదుసార్లు పోస్ట్‌గ్రెస్ ఇచ్చిన విలువలకు తగ్గట్టు ప్లాన్ వేస్తుంది. ఆ తరువాత, ఏ విలువకైనా సరిపోయే జెనరిక్ ప్లాన్ ఖర్చు ఆ ఐదింటి సగటు కంటే పెద్దగా ఎక్కువ కాకపోతే దానికే మారుతుంది. జావా డ్రైవర్‌లో సర్వర్ వైపు ప్రిపేర్ కావడానికే డిఫాల్ట్‌గా ఐదుసార్లు పడుతుంది. కాబట్టి మార్పు పదోసారి దరిదాపుల్లో, ఉన్నట్టుండి కనిపిస్తుంది.

'పెండింగ్' ఆర్డర్లు వందలో ఒకటి, 'పూర్తయినవి' తొంభై తొమ్మిది ఉన్న కాలమ్‌కు ఒకే ప్లాన్ ఎలా సరిపోతుంది? అలాంటి చోట ఆ యూజర్‌కు ప్లాన్_క్యాష్_మోడ్‌ను ఫోర్స్_కస్టమ్_ప్లాన్ చేయండి. ప్రతిసారీ ప్లానింగ్ ఖర్చు పడుతుంది, కానీ పెద్ద క్వెరీల్లో అది లెక్కలోకి రాదు. వెర్షన్ 16 నుంచి ఎక్స్‌ప్లెయిన్‌కు జెనరిక్_ప్లాన్ అన్న ఐచ్ఛికం ఇచ్చి ఆ ప్లాన్‌ను ముందే చూడవచ్చు.

10. మార్పును అమలులోకి తేవడం

చిన్న పరిధి నుంచి పెద్ద పరిధికి వెళ్లండి. ఒక్కో మెట్టు దగ్గర ఆగి కొలవండి.

- ఒక్క ట్రాన్సాక్షన్‌కు: "సెట్ లోకల్". కమిట్‌తో పోతుంది.
- ఒక యూజర్‌కు: "ఆల్టర్ రోల్ … సెట్". కొత్త కనెక్షన్లకే వర్తిస్తుంది, కాబట్టి కనెక్షన్ పూల్‌ను రీస్టార్ట్ చేయాలి.
- ఒక డేటాబేస్‌కు: "ఆల్టర్ డేటాబేస్ … సెట్".
- సర్వర్ మొత్తానికి: "ఆల్టర్ సిస్టమ్ సెట్", ఆపై పీజీ_రీలోడ్_కాన్ఫ్. ఇందులో చెప్పిన ప్లానర్ సెట్టింగులకు రీస్టార్ట్ అవసరం లేదు.

ట్రాన్సాక్షన్ పూలింగ్‌లో పీజీబౌన్సర్ (కొద్ది సర్వర్ కనెక్షన్లను చాలామందికి పంచే ప్రోగ్రామ్) వాడుతుంటే ఉత్త "సెట్" వాడవద్దు. ఆ విలువ సర్వర్ కనెక్షన్‌కు అంటుకుని, తరువాత అదే కనెక్షన్ దొరికిన వేరొకరి క్వెరీకి కూడా వర్తిస్తుంది. "సెట్ లోకల్" ఒక్కటే క్షేమం.

ఒక రోజుకు ఒకే మార్పు. తేదీ, పాత విలువ, కొత్త విలువ, కారణం రాసిపెట్టండి. వెనక్కి తీసుకోవలసి వస్తే "ఆల్టర్ సిస్టమ్ రీసెట్", మళ్లీ రీలోడ్. ఆల్టర్ సిస్టమ్ ఇచ్చిన విలువ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్ ఫైల్‌లో ఉంటుంది, అది మామూలు కాన్ఫ్ ఫైల్‌ను మించుతుంది. కాన్ఫ్ ఫైల్‌లో ఎంత మార్చినా ఫలితం లేకపోతే అక్కడ చూడండి.

11. సెట్టింగులకు లొంగని చిక్కులు

ఈ క్రమమంతా పాటించినా ప్లాన్ మారకపోతే క్వెరీ రాతను చూడండి.

ఎక్స్‌ట్రాక్ట్‌తో తేదీలోంచి సంవత్సరం తీసి 2025తో పోల్చితే తేదీ కాలమ్ మీదున్న మామూలు ఇండెక్స్ పనికిరాదు. 2025 జనవరి 1 నుంచి 2026 జనవరి 1కి ముందు వరకు అని పరిధిగా రాయండి.

కాలమ్ బిగ్‌ఇంట్, అప్లికేషన్ పంపే విలువ న్యూమెరిక్ అయితే, పోస్ట్‌గ్రెస్ కాలమ్‌నే న్యూమెరిక్‌గా మార్చి పోలుస్తుంది. ఇండెక్స్ పక్కకు పోతుంది. జావాలో బిగ్‌డెసిమల్ పంపేచోట ఇది చూడండి. ప్లాన్‌లో కాలమ్ పేరు పక్కన రెండు కోలన్‌లు, న్యూమెరిక్ అని కనిపిస్తే ఇదే జబ్బు.

తెలుగు పేర్ల మీద "లైక్ 'రామ%'" అని వెతికితే, డేటాబేస్ కొలేషన్ (అక్షరక్రమ నియమం) 'సీ' కానప్పుడు మామూలు బీ-ట్రీ ఇండెక్స్ ఆ వెతుకులాటకు ఉపయోగపడదు. టెక్స్ట్_ప్యాటర్న్_ఆప్స్‌తో మరో ఇండెక్స్ కట్టండి. అక్షరక్రమంలో అమర్చడానికి పాత ఇండెక్స్‌ను అలాగే ఉంచండి, ఆ పని కొత్తది చేయలేదు.